ఐక్లర్ ఇంట్లో పన్నెండేళ్లు

కాలిఫోర్నియాలోని పాలో ఆల్టో ఊళ్లో, గ్రీన్‌మెడో పేటలో ఉన్న మా ఇంటిని అమ్మకానికి పెట్టాం. చూడడానికి వచ్చినవాళ్లు ముందుగా అడిగేది వీధి వైపు కిటికీలు ఏవని. వీధి వైపు చెక్క గోడ, గ్యారేజీ తప్ప ఏమీ కనబడవు. లోపలికి నాలుగడుగులు వేస్తే మాత్రం పెరడంతా కళ్లముందుంటుంది. బరువును దూలాలూ స్తంభాలే మోస్తాయి కనుక పెరటి వైపు గోడ బదులు నేల నుంచి కప్పు దాకా అద్దమే.

జోసెఫ్ ఐక్లర్ అనే గృహనిర్మాత ఈ పేటను 1950లలో కట్టించాడు. 2005లో ఇది జాతీయ చారిత్రక స్థలాల జాబితాలో చేరింది. మాకు ఈ ఇంటిమీద ప్రేమ కలగడానికి కారణం నేల. గచ్చులో పరిచిన గొట్టాల్లో వేడినీళ్లు తిరుగుతాయి. గుంటూరు నుంచి వచ్చిన మా అమ్మ జనవరి చలిలోనూ పీట అడగకుండా నేలమీదే కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచేది.

ఆ గొట్టాలే మమ్మల్ని ఏడిపించాయి కూడా. మావి ఉక్కువి, తుప్పు పట్టాయి. ఆరో ఏట బాయిలర్‌లో పీడనం పడిపోతూ వచ్చింది. మొదట వచ్చిన మరమ్మతుదారు ఊహమీద ఆధారపడి హాలు మధ్యలో గచ్చు పగలగొట్టాడు. లీకు వంటింటి పక్కన ఉంది! రెండో అతను ఉష్ణ కెమెరాతో వెతికి పట్టుకున్నాడు. ఐక్లర్ ఇల్లు ఏది కొన్నా ముందు గొట్టాలకు పీడన పరీక్ష చేయించండి. ఆ ఖర్చుకు వెనకాడవద్దు.

కప్పు కింద అటక లేదు, కొత్త వైరు వేయాలంటే కప్పు పైనుంచే తేవాలి. ఒంటిపొర అద్దాల వల్ల జూలై సాయంత్రాలు ఉడికిస్తాయి. వంటగదికి, హాలుకు మధ్య గోడ లేదు, తిరగమోత ఘాటు పడకగదుల దాకా వెళ్తుంది.

ఇంకొక్క మాట. నల్లవారికి, ఆసియావారికి ఇళ్లు అమ్మడానికి చాలామంది ఒప్పుకోని రోజుల్లో ఐక్లర్ వివక్ష లేకుండా అమ్మాడు. వివక్షను వ్యతిరేకించే విధానానికి గృహనిర్మాతల జాతీయ సంఘం మద్దతివ్వలేదని 1958లో ఆ సంఘానికి రాజీనామా చేశాడు. ఈ గడపలో అడుగుపెట్టినప్పుడల్లా ఆ సంగతి నాకు గుర్తొచ్చేది.

కొనేవాళ్లను నేను కోరేది ఒకటే, దీనిమీద రెండో అంతస్తు వేయకండి. పైనుంచి చూస్తే పక్కవాళ్ల అద్దాల ఇల్లంతా కనబడుతుంది. ఇల్లు చూడాలంటే చలికాలపు ఉదయం ఏడింటికి రండి. మేజోళ్లు విప్పి హాల్లో నడవండి.