సి65 నమూనా బోర్డులు కొనేవారికి హెచ్చరిక: బోర్డు అసలుదే, దాని మీది చిప్‌లు కావు

పాత కంప్యూటర్లు సేకరించే తెలుగు మిత్రులకు, ముఖ్యంగా కమడోర్ సంస్థ విడుదల చేయకుండానే ఆపేసిన సి65 నమూనా యంత్రాన్ని గానీ, దాని మదర్‌బోర్డును గానీ కొనాలని చూస్తున్నవారికి, ఈ మధ్య నాకు జరిగిన మోసాన్ని తెలియజేయడానికి ఇది రాస్తున్నాను. అదే అమ్మకందారు అవే ఫోటోలతో ఇంకో బోర్డును వేలానికి పెట్టాడు. ఈసారి మనవాళ్లెవరూ అతని చేతికి చిక్కకూడదన్నదే నా ఆరాటం.

సి65 గురించి తెలియనివారి కోసం కొంత చెప్పాలి. కమడోర్ 64 అనే ఇంటి కంప్యూటర్‌కు వారసురాలిగా ఈ యంత్రాన్ని 1990, 1991 సంవత్సరాల్లో పెన్సిల్వేనియాలోని వెస్ట్ చెస్టర్‌లో రూపొందించారు. 4510 అనే ప్రాసెసర్, విక్-3గా పిలిచే 4567 వీడియో చిప్, శబ్దానికి రెండు సిడ్ చిప్‌లు, 128 కిలోబైట్ల మెమరీ, యంత్రంలోనే అమర్చిన 3.5 అంగుళాల ఫ్లాపీ డ్రైవ్ దీని ప్రత్యేకతలు. 1991లో యాజమాన్యం ఈ ప్రయత్నాన్ని మధ్యలోనే ఆపేసింది. 1994 ఏప్రిల్‌లో కంపెనీ మూతపడ్డాక, మిగిలిపోయిన నమూనాలను ఇతర సామగ్రితో పాటు అమ్మేశారు. మొత్తం ఎన్ని బయటికి వచ్చాయన్న దానిపై 50 నుంచి 2,000 దాకా రకరకాల అంచనాలున్నాయి. అలా బయటికి వచ్చినవాటిలో చిప్‌లు లేనివి, సగంలో ఆగినవి చాలానే ఉండటం వల్ల, అసంపూర్ణమైన బోర్డు అమ్మకానికి వచ్చిందంటే ఎవరికీ అనుమానం రాదు. మోసగాళ్లకు కలిసివస్తున్నది సరిగ్గా ఇదే.

నేను కొన్న బోర్డును ఆ అమ్మకందారు “పరీక్షించలేదు, చిప్‌లన్నీ అసలువే” అని వర్ణించాడు. ఫోటోల్లో 4567 చిప్ మీద ఫ్లాష్ వెలుగు పడి అక్షరాలు కనబడకపోవడంతో, డబ్బు కట్టకముందే దగ్గర నుంచి తీసిన ఫోటో అడిగాను. మర్నాడే పంపించాడు. అందులో చిప్ సంఖ్యా, దాని కింద 2491 అన్న తేదీ కోడూ స్పష్టంగా ఉన్నాయి. కమడోర్ చిప్‌ల మీద తొలి రెండు అంకెలు వారాన్ని, తర్వాతి రెండూ సంవత్సరాన్ని సూచిస్తాయి కనుక, అది 1991లో 24వ వారం నాటిది కావాలి. సి65 చరిత్రకు అది అతికినట్టు సరిపోయింది.

పార్సిల్ విప్పి చూస్తే బోర్డు మాత్రం నిస్సందేహంగా కమడోర్ తయారీయే. కానీ 4567 స్థానంలో ఉన్న చిప్ మీద కోడ్ 3293 అని ఉంది. సి65ను 1991లోనే ఆపేసినప్పుడు, దానికి తప్ప మరే యంత్రానికీ పనికిరాని వీడియో చిప్‌ను 1993లో 32వ వారాన ఎవరు తయారుచేస్తారు? భూతద్దంతో చూస్తే చిప్ పైభాగం గరుకుకాగితంతో రుద్దినట్టు ఒకే దిశలో సన్నని గీతలతో ఉంది. పక్కలు నున్నగా, బూడిదరంగులో ఉంటే పైభాగం మాత్రం మందంగా నల్లరంగు పూసినట్టు కనిపించింది. మొదటి పిన్నును సూచించే చిన్న గుంట సగానికి పైగా పూడిపోయింది. అక్షరాలు లేని అంచు దగ్గర దూదికి అసిటోన్ అద్ది మెల్లగా తుడిస్తే దూది నల్లబడింది, అడుగున వేరే అక్షరాల జాడలు బయటపడ్డాయి. సిడ్ చిప్‌లు రెండింటి పరిస్థితీ అంతే.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పి తీరాలి. అసలు చిప్‌ల మీద సిరాతో అచ్చువేసిన అక్షరాలు కూడా అసిటోన్‌కు చెరిగిపోవచ్చు. కాబట్టి అక్షరాలు చెరిగినంత మాత్రాన చిప్ నకిలీదని అనుకోకూడదు, దూదికి నల్లరంగు అంటుకుంటేనే అనుమానించాలి. అసలైన చిప్ మీది అక్షరాలను మన చేతులతో మనమే చెరిపేసుకోకుండా ఎప్పుడూ ఖాళీ అంచునే తుడవాలి. అలాగే, ఇలాంటి బోర్డుకు కరెంటు ఇచ్చి చూడాలన్న తొందర వద్దు. సాకెట్‌లో ఉన్నది ఏ చిప్పో తెలియకుండా ఆన్ చేస్తే, పక్కనున్న అసలు 4510 కాలిపోయే ప్రమాదం ఉంది, అది పోతే మళ్లీ దొరకడం గగనం.

నిలదీస్తే అమ్మకందారు “పరీక్షించలేదని ముందే చెప్పాను కదా” అని ఒకే మాట పట్టుకుని కూర్చున్నాడు. ఆ వాదన చెల్లదు. పరీక్షించలేదంటే ఆ వస్తువు పనిచేయకపోవచ్చని అర్థం, వేరే వస్తువుకు రంగు వేసి ఇస్తానని కాదు. నాకు పంపిన ఫోటోలోని చిప్ వేరు, సాకెట్‌లో వచ్చిన చిప్ వేరు. ఫిర్యాదు చేశాను, అది ఇంకా తేలలేదు. పార్సిల్ విప్పుతున్నప్పుడు తీసిన వీడియో, తేదీ కోడ్ కనిపించే ఆ ఫోటో నా దగ్గర లేకపోతే అసలు ఫిర్యాదుకు దిక్కే ఉండేది కాదు.

పూర్తి యంత్రం కొనేవారికి ఇంకో సంగతి. టీవీ మీద సి65 డెవలప్‌మెంట్ సిస్టమ్ అనీ, బేసిక్ 10.0 అనీ కనిపించే తొలి తెరను చూసి నమ్మవద్దు. ఆ తెర మీద వర్షన్ చివర ఉండే 910828 వంటి అంకెలు యంత్రం తయారైన తేదీని కాదు, రోమ్ (యంత్రం నడిచే ప్రోగ్రామును శాశ్వతంగా దాచి ఉంచే చిప్) తయారైన తేదీని చెబుతాయి. ఆ రోమ్‌ల నకళ్లు ఏనాడో బయటికి వచ్చాయి, ఎవరైనా ఖాళీ ఈప్రామ్‌లోకి (మనమే రాసుకోగల మెమరీ చిప్‌లోకి) ఎక్కించుకోవచ్చు. పైగా జర్మనీలో తయారై 2022 నుంచి కొనుగోలుదారులకు అందుతున్న మెగా65 అనే కొత్త యంత్రం ఆకారంలో అచ్చం సి65లాగే ఉంటుంది, ఆ రోమ్‌నే నడపగలదు కూడా. మెగా65 తయారీదారులు దాన్ని తమ పేరుతోనే నిజాయితీగా అమ్ముతున్నారు, తప్పు వారిది కాదు. కానీ ముందువైపు ఫోటోలు మాత్రమే పెట్టి వెనకవైపు చూపని ప్రకటన కనిపిస్తే, వెనకవైపు ఫోటో తప్పక అడగండి. ఈథర్‌నెట్, హెచ్‌డీఎంఐ పోర్టులు ఉంటే అది 1991 నాటి యంత్రం కాదు.

డబ్బు కట్టేముందు బోర్డు మొత్తం ఒకే ఫ్రేములో, పక్కన ఆ రోజు తేదీ, మీ పేరు చేత్తో రాసిన కాగితంతో ఫోటో అడగండి. 4510, 4567, సిడ్ చిప్‌లను ఏటవాలు వెలుగులో దగ్గరగా తీసిన వీడియో అడగండి, బోర్డు నుంచి చిప్ మీదికి కెమెరా ఆగకుండా కదలాలి. విడి ఫోటో ఎంత స్పష్టంగా ఉన్నా దానికి విలువ లేదు, నాకు పంపింది అదే. యంత్రం విప్పితే విలువ తగ్గుతుందని సాకు చెప్పేవారిని వదిలేయండి.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి తెప్పించుకునేవారు మరింత ఆలోచించాలి. వాడిన పర్సనల్ కంప్యూటర్ల దిగుమతి మీద భారతదేశంలో ఆంక్షలున్నాయి, అనుమతి కావాలి. సుంకం కట్టి విడిపించుకున్న పార్సిల్‌ను తిప్పి పంపడం, ఆ ఖర్చు రాబట్టుకోవడం చాలా కష్టం. అమెరికాలో ఉన్న బంధువుల చిరునామాకు తెప్పించుకుంటే, వారిచేత ముందుగా చిప్‌లను పరిశీలింపజేయండి.

సి65 బోర్డు ప్రకటన ఏదైనా మీ కంట పడి, సందేహం ఉంటే, డబ్బు కట్టకముందే ఆ ఫోటోలు నాకు పంపండి. నా దగ్గరున్న ఫోటోలతో పోల్చి, అది ఆ అమ్మకందారు బోర్డు అవునో కాదో చెబుతాను.