పట్టాయా ఏటీఎంలో పోయిన మేత బస్తా: జీరో మార్కప్ కార్డు ఐదు ప్రయాణాలు వాడాక

మా వ్యాపారంలో ఫారిన్ ట్రిప్ అంటే సొంత డబ్బు పెట్టి పోయేది కాదు. రొయ్యల మేత, మందులు అమ్మే డీలర్లం. సీజన్‌కి ఇన్ని టన్నులని కంపెనీ టార్గెట్ పెడుతుంది. కొడితే బ్యాంకాకో, వియత్నామో తీసుకుపోతుంది. విమానం టికెట్టు, హోటలు, పొద్దున టిఫిను వాళ్ళవి. చేతి ఖర్చు మనది. ఈ చేతి ఖర్చు దగ్గరే నేను మొదట్లో బాగా దెబ్బతిన్నాను. విడవలూరులో కొట్టు పెట్టుకుని రైతు దగ్గర కిలోకి అర్ధ రూపాయి తేడా వస్తే గంటసేపు మాట్లాడేవాణ్ణి, పట్టాయాలో ఒక్క బటన్ నొక్కి రెండు వేలు వదిలేసి వచ్చాను.

అది 2018 ఆగస్టు. అప్పట్లో థాయ్‌లాండ్‌లో దిగాక వీసా తీసుకోవాలి. ఫీజు 2,000 బాట్లు (బాటు అక్కడి కరెన్సీ), అదీ బాట్లలోనే, నగదుగానే కట్టాలి. టూర్ చూసుకునే ఆయన చెన్నైలో "అంతా ప్యాకేజీలోనే ఉంది సార్" అన్నాడు. అక్కడ క్యూలో నిలబడ్డాక ఫోన్ ఎత్తలేదు. నాతో పాటు కొత్తపట్నం నుంచి వచ్చిన పెద్దాయన ఒకరున్నారు, నేను బాబాయ్ అనే పిలుస్తాను. ఇద్దరి దగ్గరా ఒక్క బాటు లేదు. ముందున్న భీమవరం డీలర్ దగ్గర 4,000 బాట్లు అప్పు తీసుకుని బయటపడ్డాం.

ఆ అప్పు తీర్చాలనే ఆ సాయంత్రం పట్టాయాలో ఏటీఎం దగ్గరికి పోయాం. నా మామూలు సేవింగ్స్ ఖాతా డెబిట్ కార్డు పెట్టి 10,000 బాట్లు కొట్టాను. మిషన్ ఫీజు 220 బాట్లు అని చూపించింది, సరే అన్నాను. తర్వాత ఇంకో స్క్రీన్ వచ్చింది. మొత్తం ఎంతో రూపాయల్లో వేసి, కింద రెండు బటన్లు పెట్టింది: యాక్సెప్ట్ కన్వర్షన్, డిక్లైన్ కన్వర్షన్. నేను ఆగాను. బాబాయ్ భుజం మీద నుంచి తొంగి చూసి, "డిక్లైన్ అంటే వద్దనేగా అబ్బాయ్, వద్దంటే డబ్బులెట్టా వస్తాయి, ఒప్పుకో" అన్నాడు. ఒప్పుకున్నాను.

ఇంటికొచ్చాక పాస్‌బుక్ ముందేసుకుని లెక్క చూశాను. ఆ రోజు మార్కెట్‌లో బాటు మనకు రెండు రూపాయల పది పైసలు. అంటే నా చేతికొచ్చింది 21,000 రూపాయల సొమ్ము. ఆ స్క్రీన్ వేసిన రేటు 2.25. మిషన్ ఫీజుతో కలిపి 22,995. మన బ్యాంకు విదేశీ ఏటీఎం వాడినందుకు 150, దాని మీద జీఎస్‌టీ 27. మొత్తం 23,172 తెగింది. 2,172 రూపాయలు గాలికి. అప్పట్లో పాతిక కిలోల మేత బస్తా అటూఇటూగా ఆ రేటే.

డిక్లైన్ నొక్కుంటే ఏమీ పోయేది కాదా అంటే, పోయేదే. సుమారు 1,500 పోయేవి. ఎందుకంటే ఈ వ్యవహారంలో డబ్బు మూడు చోట్ల కారుతుంది. మొదటిది మార్కప్. వీసా, మాస్టర్‌కార్డ్ అనే కార్డు కంపెనీల రేటు దాదాపు మార్కెట్ రేటుకు దగ్గర్లోనే ఉంటుంది. దాని మీద మన బ్యాంకు మూడు, మూడున్నర శాతం వేసుకుంటుంది, ఆ వేసుకున్నదాని మీద 18 శాతం జీఎస్‌టీ. రెండోది మిషన్ ఫీజు, అక్కడి బ్యాంకుది. మూడోది ఆ కన్వర్షన్ బటన్. ఏటీఎం మనకు "సాయం చేస్తా, మీ రూపాయల్లోనే చూపిస్తా" అంటుంది. సాయం చేసినందుకు సొంత రేటు వేసుకుంటుంది. డిక్లైన్ అంటే లావాదేవీ వద్దని కాదు, నీ రేటు వద్దని. నొక్కినా డబ్బులు వస్తాయి. హోటల్లో, షాపులో కార్డు గీకేటప్పుడు కూడా "రూపాయల్లోనా, బాట్లలోనా" అని అడుగుతారు. ఎప్పుడూ అక్కడి కరెన్సీయే చెప్పండి.

మరుసటి ఏడాది ఫారెక్స్ కార్డు, అంటే ముందే విదేశీ డబ్బు వేసుకునే కార్డు, తీసుకుపోయాను. దాని గురించి పెద్దగా చెప్పేది లేదు. డాలర్లు వేసుకుని థాయ్‌లాండ్ పోయాను, అదీ నా తెలివి. డాలర్ కార్డు మీద బాట్లు తీస్తే క్రాస్ కరెన్సీ ఛార్జీ మళ్ళీ మూడు శాతం దాకా. తీసిన ప్రతిసారీ ఇంకో రెండు డాలర్లు. మిగిలిన 60 డాలర్లు వెనక్కి తీసుకోవడానికి బ్రాంచికి తిరగలేక వదిలేస్తే, వాడనందుకు అని కొంచెం కొంచెంగా కోసుకుంటూ పోయారు. ఏ దేశం పోతున్నామో ఆ కరెన్సీయే కార్డులో దొరికితే, ఆరు నెలలు ముందే రేటు పట్టేసుకోవాలనుకుంటే అది మంచిదే. అమెరికాలో చదివే పిల్లలకు ఉపయోగం. మా లాంటి నాలుగు రోజుల డీలర్లకు అనవసరం.

2022లో జీరో మార్కప్ డెబిట్ కార్డు, అంటే ఆ మూడు, మూడున్నర శాతం వేసుకోనిది, తీసుకున్నాను. ఆధార్, పాన్ పెట్టుకుని వీడియో కాల్‌లో ఖాతా తెరిచారు, పావుగంట పని. బ్యాంకు పేరు రాయడం లేదు. ఒకటి, కింద దాని మీద ఫిర్యాదు కూడా చెప్పబోతున్నాను. రెండు, ఈ కార్డుల షరతులు ఊరికే మారిపోతుంటాయి. నేను తీసుకున్నప్పుడు విదేశీ ఏటీఎంలో ఎన్నిసార్లు తీసినా వాళ్ళ ఛార్జీ సున్నా. ఏడాదిన్నర తర్వాత నెలకు ఇన్నిసార్లే ఉచితం అని ఒక మెయిల్ వచ్చింది, ఆ మెయిల్ నేను చదవలేదు. కాబట్టి పేరు చూసి కాదు, బయలుదేరే వారం ముందు ఛార్జీల పట్టిక తెరిచి ఫారెక్స్ మార్కప్ ఎంత, విదేశీ ఏటీఎం ఛార్జీ ఎంత అనే రెండు వరుసలు చూసుకుని తీసుకోండి.

పనితీరు విషయానికొస్తే, 2024 నవంబరులో బ్యాంకాక్‌లో ఒకేసారి 20,000 బాట్లు తీశాను. అప్పటికి బాటు 2.46 దాకా ఉంది. మిషన్ ఫీజు 220 కలుపుకుని 49,700 చిల్లర తెగింది. అంటే నాకు పడిన ఖర్చు ఆ 220 బాట్లే, నూటికి ఒక రూపాయి పది పైసలు. ఇదే నేను 5,000 చొప్పున నాలుగుసార్లు తీసుంటే నూటికి నాలుగున్నర అయ్యేది. జీరో మార్కప్ అని కార్డు మీద ఎంత పెద్ద అక్షరాలతో రాసినా మిషన్ ఫీజు తగ్గదు. దానికి మందు ఒక్కటే, తక్కువసార్లు, ఎక్కువ మొత్తం. మేం ఇప్పుడు ముగ్గురం నలుగురం కలిసి ఒకరి కార్డు మీద తీసి పంచుకుంటాం, వాళ్ళు అక్కడే నిలబడి నాకు ఫోన్‌పే కొడతారు. మలేషియా పోయినప్పుడు నేను వాడిన మిషన్లు అసలు ఫీజే అడగలేదు.

వియత్నాం కథ వేరు. 2023లో రొయ్యల చెరువులు చూపిస్తామని హో చి మిన్ సిటీలో దించి, అక్కడి నుంచి మెకాంగ్ డెల్టాలోకి, బాక్ ల్యూ దాకా బస్సులో తీసుకుపోయారు. అక్కడి కరెన్సీ డాంగ్, మన దగ్గర సులువుగా కొనుక్కుపోయేది కాదు, అక్కడే తీసుకున్నాను. అప్పుడు మన రూపాయికి సుమారు 290 డాంగ్‌లు. మూడు లక్షలంటే మన వెయ్యి చిల్లర. మిషన్లు పిసినారివి, కొన్ని ఒకసారికి 20, 30 లక్షల కంటే ఇవ్వవు. ముప్పై లక్షలంటే ఘనంగా ఉంటుంది గానీ, మన పది వేలు. ఫీజు ఒక్కో బ్యాంకుది ఒక్కో రకం, కాబట్టి స్క్రీన్ మీద ఫీజు చూసి, ఎక్కువైతే కాన్సిల్ కొట్టి పక్క మిషన్‌కి పొండి. సిగ్గుపడక్కర్లేదు.

పది వేలు, ఆ పైన నోట్లన్నీ ప్లాస్టిక్, అన్నింటి మీదా హో చి మిన్ బొమ్మే. అందులో 20,000 నోటు నీలం, 5,00,000 నోటు కూడా నీలమే, కొంచెం ఆకుపచ్చ కలిసిన నీలం. సాయంత్రం వెలుతురులో సున్నాలు లెక్కపెట్టే ఓపిక ఎవరికుంటుంది? బాక్ ల్యూలో రోడ్డు పక్కన ఒకామె దగ్గర కాఫీ తాగి, ఇరవై వేలు అనుకుని నోటు ఇచ్చి బస్సు వైపు నడిచాను. ఆమె వెనకనుంచి ఏదో అరుచుకుంటూ వచ్చి నా చొక్కా పట్టుకుంది. తక్కువిచ్చానేమో అనుకుని పర్సు తెరిచాను. ఆమె నా చేతిలో ఐదు లక్షల నోటు పెట్టి, నా పర్సులోంచి తనే ఒక ఇరవై వేల నోటు వేళ్ళతో లాక్కుని, రెండూ పక్కపక్కన పట్టి నాకు చూపించి నవ్వింది. అప్పటినుంచి ఐదు లక్షల నోట్లు పర్సులో పెట్టను, చొక్కా లోపలి జేబులో వేరే.

అక్కడే నాకు కార్డుతో దెబ్బ తగిలింది. 30 లక్షల డాంగ్‌లు కొట్టాను. మిషన్ గరగరలాడింది, నోట్లు రాలేదు, కార్డు బయటికొచ్చింది. ఫోన్‌లో మాత్రం 10,300 డెబిట్ అయిందని మెసేజ్. నాకు చెమటలు. మన దగ్గరైతే ఏటీఎం డబ్బు మింగేస్తే ఐదు రోజుల్లో వెనక్కి వేయాలి, ఆలస్యమైతే రోజుకు వంద రూపాయలు కట్టాలి అని రిజర్వ్ బ్యాంక్ 2019లో పెట్టిన రూల్ ఉంది. అది దేశంలోపలి లావాదేవీలకే. బయట జరిగితే వీసా కార్డు కంపెనీ ద్వారా వివాదం నడవాల్సిందే. యాప్‌లో ఫిర్యాదు పెట్టాను. మూడుసార్లు "మీ సమస్య పరిష్కరించబడింది" అని మూసేశారు, మూడుసార్లు మళ్ళీ తెరిచాను. 47వ రోజు డబ్బు పడింది. మిషన్ ఇచ్చిన చీటీ ఫోటో తీసి పెట్టుకోబట్టి పని అయింది. ఈ ఒక్క విషయానికే ఈ కార్డుకు ఐదుకు నాలుగు ఇస్తున్నాను, లేకపోతే నాలుగున్నర ఇచ్చేవాణ్ణి.

ఇంకో టెన్షన్ సిమ్. 2020 అక్టోబరు తర్వాత ఇచ్చిన కార్డుల్లో విదేశీ వాడకం మామూలుగా ఆపేసే ఉంటుంది, మనమే యాప్‌లో ఆన్ చేసుకోవాలి. ఏటీఎంకి పిన్ చాలు, ఓటీపీ అక్కర్లేదు. కానీ లిమిట్ పెంచాలన్నా, కార్డు లాక్ చేయాలన్నా యాప్ కావాలి, యాప్‌కి మన నంబరున్న సిమ్ ఫోన్‌లోనే ఉండాలి. ఎయిర్‌పోర్టులో లోకల్ సిమ్ వేయించుకుందామని మన సిమ్ తీసి పర్సులో పెట్టానో లేదో, యాప్ బయటికి నెట్టేసింది. ఇప్పుడు మన సిమ్ కదిలించను, డేటాకు ఈ-సిమ్ వేసుకుంటాను.

యూపీఐ ఉండగా ఇదంతా ఎందుకు అని మా తమ్ముడు అడుగుతాడు. శ్రీలంక, మారిషస్‌లలో 2024 ఫిబ్రవరిలో మొదలైంది, నేపాల్, భూటాన్‌లలో ఉంది. నేను పోయిన పట్టాయా సందుల్లో, బాక్ ల్యూ చెరువు గట్ల మీద మాత్రం నా ఫోన్ పనికిరాలేదు. క్రెడిట్ కార్డుతో నగదు తీయడం అసలు వద్దు, ఫీజుతో పాటు తీసిన రోజు నుంచే వడ్డీ నడుస్తుంది.

కార్డు ఎంత మంచిదైనా జేబులో డాలర్ నోట్లు లేకుండా నేను విమానం ఎక్కను. ఆ 2018 వీసా క్యూ ఇంకా గుర్తుంది. రెండు మూడు వందల డాలర్లు చాలు. మనిషికి 3,000 డాలర్ల దాకా నోట్లుగా తీసుకుపోవచ్చు. 50,000 రూపాయలు దాటితే నగదిచ్చి కొనడానికి కుదరదు, ఖాతా నుంచే కట్టాలి. నెల్లూరులోనో, చెన్నై ఊళ్ళోనో రెండు మూడు చోట్ల ఫోన్ చేసి రేటు అడిగి కొనండి. ఎయిర్‌పోర్ట్ కౌంటర్ దాకా ఆగకండి. ఊళ్ళో డాలర్ 84 ఉన్న రోజుల్లో అక్కడ నన్ను 89 అడిగారు. వంద డాలర్ల నోట్లే తీసుకోండి, మడత, గీత, సిరా మరక లేనివి. బ్యాంకాక్‌లో చిన్న నోట్లకు రేటు తక్కువ, మరక ఉంటే వెనక్కి తోసేస్తారు. అక్కడ సూపర్‌రిచ్ అని కౌంటర్లుంటాయి, రేటు బాగుంటుంది. సువర్ణభూమి ఎయిర్‌పోర్టులోనే కింద రైలు ఎక్కే అంతస్తులో ఒకటుంది, పైన అరైవల్స్‌లో ఉన్నవాటికీ దానికీ రేటులో తేడా మీరే చూస్తారు. రాకపోకలన్నీ కలిపి డాలర్ నోట్ల దారిలో నాకు నూటికి రెండు దాకా పడింది. కార్డు కంటే కొంచెం ఎక్కువే, ధైర్యానికి పెట్టిన ఖర్చు అనుకుంటాను.

వియత్నాంలో బంగారం షాపుల్లో డబ్బు మారుస్తారు, రేటూ బాగుంటుంది. కానీ లైసెన్సు ఉన్నదో లేదో చూసుకోండి. 2018లో కాన్ థో నగరంలో లైసెన్సు లేని షాపులో వంద డాలర్లు మార్చినందుకు ఒకతనికి తొమ్మిది కోట్ల డాంగ్‌ల జరిమానా వేశారు, అప్పటి రేటుకు మన రెండు లక్షల ఎనభై వేల దాకా.

బాబాయ్‌కి కూడా ఈ కార్డు తీయించాను. పోయినసారి బ్యాంకాక్‌లో ఆయనే ముందు నిలబడి, స్క్రీన్ రాగానే నన్ను అడగకుండా డిక్లైన్ కొట్టాడు. ఈ ఏడు టార్గెట్ కొడితే కజకిస్తాన్‌లో ఆల్మాటీ అంట. అక్కడి కరెన్సీ టెంగే. మిషన్లు ఫీజెంత కోస్తాయో చూసొచ్చి చెబుతాను, ముందు మేత అమ్ముడుపోవాలి కదా.