జాగ్రత్త: అలప్పుళలో తెడ్డు పడవ అని డబ్బు కట్టించుకుని మోటారు బోటు ఎక్కిస్తున్నారు

నిన్న ఉదయం జరిగిన సంగతిని కోపం చల్లారక ముందే రాస్తున్నాను. ఈ సెలవుల్లో మనవాళ్ళు చాలామంది కేరళలోని అలప్పుళకు బయలుదేరుతారు, పడవలు బుక్ చేసేది కూడా దాదాపు అందరూ ఏదో ఒక యాప్‌లోనే. పచ్చటి కాలువలో సన్నని పడవ మీద ఇద్దరు తెడ్లు వేస్తున్న ఫోటోతో అలాంటి ఒక యాప్‌లో పెట్టిన ప్రకటనను చూసి నేను మోసపోయాను. మూడు గంటల పాటు చేతి తెడ్డు పడవలో పంపా నది మీదుగా ఇరుకు కాలువల్లోకి తీసుకువెళతామనీ, నీళ్ళు నిలకడగా ఉంటాయి కాబట్టి వయసు మళ్ళినవారికి కూడా ఇబ్బంది ఉండదనీ అందులో స్పష్టంగా ఉంది. ముగ్గురికి 3,600 రూపాయలు ముందే కట్టేశాను.

ఈ ప్రయాణం మా నాన్నగారి కోసం పెట్టుకున్నది. ఆయనకు 71 ఏళ్ళు. కొల్లేటి లంకలో పుట్టి, తాటి దోనె మీద గడవేసుకుంటూ బడికీ పొలానికీ తిరిగిన మనిషి. కొల్లేరునూ అలప్పుళ దగ్గరి వెంబనాడ్ సరస్సునూ 2002లోనే అంతర్జాతీయ ప్రాముఖ్యం గల రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చారని పేపర్లో చదివినప్పటి నుంచి వెంబనాడ్‌ను చూడాలని ఆయనకు కోరిక. ఆ సరస్సును ఆనుకుని ఉన్న కుట్టనాడులో వరి పొలాలు సముద్ర మట్టం కంటే దిగువన ఉంటాయి, కాలువలో పడవ మీద కూర్చున్నవాడు గట్టు అవతలి చేలను కిందికి చూడవలసి వస్తుంది. నీళ్ళ కంటే పల్లంలో వరి ఎలా పండిస్తున్నారో కళ్ళారా చూడాలని ఆయన నెల రోజులుగా అంటున్నారు. అవన్నీ హౌస్‌బోట్లు దూరలేని సన్న కాలువల్లోకి వెళ్తేనే దగ్గరగా కనబడతాయి, అందుకే తెడ్డు పడవను ఎంచుకున్నాను.

ఉదయం ఆరున్నరకు రేవుకు వెళ్ళేసరికి అక్కడ తెడ్డు పడవ లేదు. రేకు కప్పు వేసిన మోటారు బోటు ఒకటి, అందులో అప్పటికే కూర్చున్న ఆరుగురు ఉన్నారు. ఇదేమిటని అడిగితే కాలువల నిండా గుర్రపుడెక్క పేరుకుపోయిందనీ, ఈ నెలలో తెడ్డు పడవలు అసలు తిరగడం లేదనీ అక్కడున్న ఏజెంటు చెప్పాడు. సముద్రపు ఉప్పునీటిని ఆపడానికి వెంబనాడ్ మీద కట్టిన తన్నీర్ముక్కం బండు తలుపులు మూసిన నెలల్లో ఉప్పునీరు పైకి రాదు, అందువల్ల గుర్రపుడెక్క పెరుగుతుందని నేనూ చదివి ఉన్నాను. సగం తెలిసిన ఆ సంగతే నన్ను ముంచింది. అతని మాట నిజమే అయి ఉంటుందనుకుని బోటు ఎక్కాను, నాన్నగారిని కూడా నేనే ఒప్పించాను.

పున్నమడ దాటి, హౌస్‌బోట్ల డీజిలు పొగలో నలభై నిమిషాలు తిరిగిన తరువాత కైనకరి వైపు ఒక సన్న కాలువ మొగదలకు చేరుకున్నాము. ఇంజను వేగం తగ్గింది. లోపలికి వెళ్తున్నామనుకుని నాన్నగారు కళ్ళజోడు తుడుచుకుని ముందుకు జరిగి కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే ఆ కాలువలో నుంచి రెండు తెడ్డు పడవలు ఒకదాని వెనుక ఒకటి బయటికి వచ్చాయి, వాటిలో ఒకదానిలో నాన్నగారి ఈడు దంపతులు ఉన్నారు. కాలువ మధ్యన గుర్రపుడెక్క ఒక్క మొక్క కూడా లేదు. నేను లేచి లోపలికి పోనిమ్మన్నాను. డ్రైవరు ఏజెంటుకు ఫోను కలిపి నా చేతికిచ్చాడు. ఆ మనిషి హిందీలో, పక్కనున్న అందరికీ వినబడేటట్లు, “కాలువలే కావాలంటే మీ ముసలాయనను దింపి గట్టు మీద నడిపించుకో, నా డబ్బు నాకు వచ్చేసింది” అన్నాడు. బోటు వెనక్కి తిరిగింది. మలుపులో కనుమరుగయ్యే దాకా నాన్నగారు ఆ కాలువ వైపే చూస్తూ ఉండిపోయారు, తరువాత నా చెయ్యి పట్టుకుని, “పోనీలేరా, వాడితో మాట పడకు” అన్నారు. డబ్బు పోయినందుకు కాదు, ఆ మాట ఆయన చేత అనిపించినందుకు రాత్రంతా నిద్ర పట్టలేదు.

ఇంకొక విషయం కూడా చెప్పి తీరాలి. డ్రైవరుతో కలిపి పదిమందిమి ఉన్న ఆ బోటులో లైఫ్ జాకెట్లు నాలుగే ఉన్నాయి. 2019 సెప్టెంబరులో కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగి ఏం జరిగిందో మనకు తెలుసు, అదే కేరళలో 2023 మే 7న తానూరులో పర్యాటకుల బోటు బోల్తా పడి 22 మంది చనిపోయారు. ఇవన్నీ తెలిసి కూడా జాకెట్లు లెక్కపెట్టకుండా తండ్రినీ భార్యనూ బోటు ఎక్కించినందుకు నన్ను నేను క్షమించుకోలేకపోతున్నాను.

యాప్‌లో ఫిర్యాదు చేస్తే, ప్రయాణం పూర్తయినట్లు నమోదైంది కనుక డబ్బు తిరిగి ఇవ్వడం కుదరదని రెండు వరుసల జవాబు వచ్చింది. ఆ ప్రకటన కింద ఐదు నక్షత్రాలిచ్చినవారి ఖాతాలను తెరిచి చూస్తే, చాలావాటిలో ఆ ఒక్క అభిప్రాయం తప్ప మరొకటి లేదు. ఈ పని నేను డబ్బు కట్టక ముందు చేసి ఉండవలసింది.

వెళ్ళేవారు పడవకు ఇంజను ఉంటుందా ఉండదా, ఏ కాలువలోకి తీసుకువెళతారు అన్నవి రాతపూర్వకంగా అడిగి తీసుకోండి, పడవను కళ్ళతో చూసిన తరువాతే పూర్తి డబ్బు ఇవ్వండి. అలప్పుళ జెట్టీ నుంచి రాష్ట్ర జలరవాణా శాఖ వారి ప్రయాణికుల బోట్లు ఊళ్ళ మధ్యగా నెడుముడి, కొట్టాయం వైపు తక్కువ టిక్కెట్టుతోనే నడుస్తాయట. ఆ సంగతి మాకు చెప్పినది స్టేషనుకు తీసుకువెళ్ళిన ఆటో డ్రైవరు, అప్పటికి మా రైలుకు ముప్పావు గంట మాత్రమే ఉంది.