స్మెల్టరా, తుక్కు కరిగించే యూనిటా: తిరుపతికి ఏది నప్పుతుంది?

ఒడిశాలోని అంగుల్‌కు ప్రభుత్వ సంస్థ నాల్కో వాళ్ల స్మెల్టర్ (ఖనిజం నుంచి అల్యూమినియం తీసే కర్మాగారం) ఉన్నట్టు మనకూ ఒకటి వస్తే బాగుండునని రేణిగుంట, శ్రీసిటీ వైపు పని వెతికే ఐటీఐ పిల్లలకు అనిపిస్తుంది. పాత సత్తు (అల్యూమినియం) సామాను కరిగించే యూనిట్లు చాలవా?

కరెంటు: అసలు తేడా ఇక్కడే. అల్యూమినా (బాక్సైట్ ఖనిజం నుంచి వచ్చే తెల్లటి పొడి) నుంచి టన్ను లోహం తీయడానికి సుమారు 14,000 యూనిట్ల కరెంటు కావాలి. ఏడాదికి లక్ష టన్నులంటే రాత్రింబవళ్లు 160 మెగావాట్లు! కొన్ని గంటలు సరఫరా ఆగితే తొట్లలో లోహం గడ్డకడుతుంది. అందుకే నాల్కోకు అక్కడే సొంత బొగ్గు విద్యుత్ కేంద్రం ఉంది. తుక్కుకైతే ఇందులో 5 శాతం శక్తి చాలు.

ముడిసరుకు: నాల్కోకు ఒడిశాలోనే కోరాపుట్ బాక్సైట్ కొండ ఉంది. మనకు పాత గిన్నెలు, కిటికీ ఫ్రేములు, ఇంజన్ భాగాలు.

ఉద్యోగాలు: స్మెల్టర్‌దే పైచేయి. టౌన్‌షిప్, బడి, లారీలు, హోటళ్లు అన్నీ దాని చుట్టూ పెరుగుతాయి. చిన్న యూనిట్‌లో పదుల మందికే పని. అయినా పాత సామాన్లు కొనేవాళ్లకూ నాలుగు రూపాయలు దక్కుతాయి.

ప్రమాదం: స్మెల్టర్‌లో ఫ్లోరైడ్ వాయువులను పట్టి ఆపాలి. యూనిట్‌లో తడి తుక్కు కొలిమిలో పడితే పేలుతుంది. తుక్కు ఆరబెట్టని చోట మన పిల్లల్ని పనికి పెట్టకండి.

బొగ్గు, బాక్సైట్ దగ్గరున్న ప్రాంతానికి స్మెల్టర్ సరి. రెండూ లేని మన తిరుపతి, చిత్తూరులకు మాత్రం, పొగ అదుపు కచ్చితంగా ఉంటే, కరిగింపు యూనిట్లే మేలు.