ఏడేళ్లుగా ఆడుతున్న అండర్‌టేల్: పాటలు మాత్రం ముందే వినకండి

అండర్‌టేల్ అనే ఈ కంప్యూటర్ ఆట కొన్నది 2018లో, బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉండగా. ఆట వచ్చింది 2015 సెప్టెంబరులో, అంటే నేను కొనేసరికే పాతది. నా ల్యాప్‌టాప్‌లో పెద్ద ఆటలు తెరిస్తే ఫ్యాను హెలికాప్టర్‌లా మోగేది. దీనికి 200 ఎంబీ చోటుంటే చాలని చూసి తీసుకున్నా. ఇప్పటికి మూడుసార్లు పూర్తిచేశాను. నాలుగోసారి మధ్యలో మానేశాను, ఆ సంగతి తర్వాత చెప్తా.

భూమి కింద రాక్షసులు బందీలుగా ఉంటారు. పైనుంచి ఒక మనిషి బిడ్డ అక్కడ పడిపోతుంది, ఆ బిడ్డగా మనం ఆడతాం. ఎదురైన వాళ్లని కొట్టొచ్చు, లేదా మాటలతోనో చేష్టలతోనో మచ్చిక చేసుకుని వదిలేయొచ్చు. రాక్షసులంటే మన పురాణాల్లోలా కోరలు, కొమ్ముల వాళ్లే అనుకోకండి. సిగ్గుపడే దెయ్యం ఉంది, జోకులేసే అస్థిపంజరం ఉంది. బొమ్మలు మాత్రం చాలా సాదా. మా చెల్లికి చూపిస్తే, "ఏంట్రా అన్నయ్యా, గళ్ల నోటుబుక్కులో గీసినట్టుంది" అంది.

సంగీతం దాదాపు మొత్తం ఆట తయారుచేసిన టోబీ ఫాక్స్‌దే. ఆల్బమ్‌లో 101 ట్రాకులు. కొన్ని అరనిమిషం కూడా ఉండవు.

మొదట్లో టొరియెల్ అనే మేకమొహం అమ్మ మనల్ని ఇంటికి తీసుకెళ్లి, 'పై' అనే తీపి వంటకం వండిపెడుతుంది. వెళ్లిపోతానంటే తలుపు దగ్గర అడ్డం నిలబడుతుంది. అక్కడ పోరాటం. కాస్త బలం తగ్గిస్తే వదిలేస్తుందిలే అని కొట్టుకుంటూ పోయాను. చివరి దెబ్బ నేను అనుకున్నదానికన్నా చాలా గట్టిగా తగిలి చచ్చిపోయింది. వెంటనే పాత సేవ్ (అంతకుముందు ఆట దాచుకున్న చోటు) తెరిచి, ఈసారి చంపకుండా బయటపడ్డాను. తర్వాత ఎదురయ్యే మాట్లాడే పువ్వు మొహంమీదే అనేసింది, ముందు నువ్వు చంపావు, నాకు తెలుసు అని. రాత్రి ఒంటిగంటకి ఒళ్లు జలదరించింది. మళ్లీ ఆడినప్పుడు గమనించాను, మన ప్రాణం అడుగంటితే ఆవిడ విసిరే నిప్పులే మనల్ని తప్పించుకుని పోతాయి. పాట మాత్రం యుద్ధం పాటే.

నాకు బాగా నచ్చింది నీళ్ల గుహల్లోని పియానో. దారిలో ఒక విగ్రహం మీద వాన పడుతూ ఉంటుంది. కొంచెం ముందు గొడుగులుంటాయి. ఒకటి తెచ్చి విగ్రహానికి పడితే లోపల మ్యూజిక్ బాక్స్ మోగుతుంది. ఇంకాస్త ముందుకెళ్తే పియానో. ఏం వాయించాలో చెప్పరు. అరగంట తంటాలుపడ్డాను. నా రూమ్మేట్ రాజమండ్రి కుర్రాడు, ఊళ్లో చర్చిలో కీబోర్డు వాయించేవాడు. మంచం మీంచి లేవకుండానే, "అన్నా, ఇందాక విగ్రహం దగ్గర మోగిందే కదా" అన్నాడు. వాడు కూనిరాగం తీస్తుంటే నేను బాణం మీటలు, జడ్ మీట పట్టుకుని ఒక్కో స్వరం వెతికాను. ఎనిమిదో స్వరానికి గోడ తెరుచుకుంది. లోపల ఏముందో చెప్పను, ఇద్దరం మాత్రం తిట్టుకున్నాం. అదే రాగం చివర్లో, వేరే పాత్ర కథలో తిరిగొచ్చినప్పుడు మావాడు లేచి కూర్చున్నాడు.

అందుకే ముందు వినొద్దంటున్నా. ఆట మొదట్లో చిన్నగా మోగే 'వన్స్ అపాన్ ఎ టైమ్' చాలాసేపటికి, రాజుగారి ఇంటి దగ్గర, ఆరు నిమిషాల పాటగా వస్తుంది. అక్కడ ఎవరూ కొట్టరు. చిన్న చిన్న రాక్షసులు ఒక్కొక్కరే వచ్చి తలా ఒక వాక్యం కథ చెప్పిపోతారు. ఆ రాగం ముందే అరిగిపోయుంటే అక్కడ ఏమీ అనిపించదు.

లోపాలూ ఉన్నాయి. హాట్‌ల్యాండ్ అనే వేడి ప్రాంతం సాగదీత. నాలుగడుగులు వేయకముందే ఎవడో ఒకడు ఎదురుపడటం రెండోసారి ఆడేటప్పుడు విసుగు. సగం జోకులు ఇంగ్లిష్ మాటల మీద ఆటలే. శాన్స్, పపైరస్ అనే అస్థిపంజరం అన్నదమ్ములిద్దరూ తమ పేర్లున్న ఫాంట్లలోనే (కామిక్ శాన్స్, పపైరస్) మాట్లాడతారన్నది మా చెల్లికి చెప్పినా నవ్వు రాలేదు. ల్యాప్‌టాప్‌కి జడ్ మీట మీద అక్షరం చెరిగిపోయింది, అది వేరే సంగతి.

ఇక నాలుగోసారి. అందర్నీ చంపే దారి చూద్దామని మొదలెట్టాను. ఆట మొదలయ్యే శిథిలాల్లో ఇరవై మందిని ఏరి ఏరి చంపాక, "కానీ ఎవరూ రాలేదు" అని ఒక్క ముక్క కనిపించి, సంగీతం నత్తనడకలో మూలుగుతుంది. మంచుఊరికి వెళ్తే మనుషుల్లేని దుకాణం. అక్కడే మూసేశాను.

ఆటలో అన్నిటికన్నా పేరున్న పాట 'మెగలోవేనియా' ఆ దారి చివర్లోనే ఉంది. 2022 జనవరిలో వాటికన్‌లో సర్కస్ వాళ్లు పోప్ ఫ్రాన్సిస్ ముందు కూడా ఆ పాట పెట్టారు. నేను మాత్రం ఇంతవరకూ ఆటలో వినలేదు. ఇప్పుడున్న అపార్ట్‌మెంట్‌లో కింది ఫ్లాట్ తెలుగువాళ్లబ్బాయి రోజూ సాయంత్రం కీబోర్డు మీద అదే సాధన. మొదటి రెండు స్వరాలూ ఒకటే, మూడోది పైకి ఎగురుతుంది, నాలుగోదాని దగ్గర తడబడతాడు. లిఫ్టులో కనిపిస్తే ఆట ఎక్కడిదాకా వచ్చిందని అడిగాను.

"ఏ ఆట అంకుల్?" అన్నాడు.