పాత తుపాకీ కొనబోతే: ఆయుధ దుకాణాల సేవకు మార్కులు

లైసెన్సు చూపించనిదే అల్మరా తాళం తీయని దుకాణదారు మీద చాలామందికి చిరాకు పుడుతుంది. "ఊరికే చూస్తే పోయేదేముంది?" అంటారు. మొదటి మార్కు ఆ దుకాణదారుకే వేయాలి. లైసెన్సు పుస్తకం తిరగేసి, ఏ రకం ఆయుధానికి అనుమతి ఉంది, ఎప్పటిదాకా చెల్లుతుంది, కొనడానికి ఇచ్చిన గడువు ఇంకా మిగిలిందా అన్నవి చూశాకే మాట కలిపే చోట తర్వాతి పనులు సాఫీగా సాగుతాయి. రివాల్వరుకు లైసెన్సున్న మనిషికి రెండు గొట్టాల డబుల్ బ్యారెల్ తుపాకీ చూపించి, "లైసెన్సులో తర్వాత మార్పించుకోవచ్చు లెండి" అంటూ అడ్వాన్సు పట్టేసేవాళ్లూ ఉన్నారు. ఆ మార్పు చేయాల్సింది కలెక్టరో, కమిషనరేట్ పరిధిలో అయితే పోలీసు కమిషనరో. దుకాణదారు చేతిలో ఏమీ లేదు.

రెండో మార్కు తుపాకీని చేతికిచ్చే తీరుకు. మూతి గోడవైపు పెట్టి, బ్రీచ్ (గొట్టం వెనుక తెరుచుకునే చోటు) తెరిచి, చాంబర్లు (తూటాలు పెట్టే గదులు) ఖాళీ అని తాను చూసి, మీకు చూపించి, తెరిచే అందించాలి. మూసి ఉన్న తుపాకీని కౌంటరు మీద అటునుంచి ఇటు తోసే చోట నిలబడకపోవడమే మంచిది.

మన దగ్గర పాత సరుకు ఎక్కడి నుంచి వస్తుందో తెలిస్తే దుకాణదారును ఏం అడగాలో తెలుస్తుంది. 1980ల మధ్య నుంచి విదేశీ తుపాకుల దిగుమతి మామూలు లైసెన్సుదారులకు ఆగిపోయింది. అంతకుముందు వచ్చిన ఇంగ్లండు తయారీ వెబ్లీ అండ్ స్కాట్‌లు, గ్రీనర్‌లు చేతులు మారుతూ తిరుగుతున్నాయి. అందుకే వాటికి వయసుతో సంబంధం లేని ధరలు. 2019 ఆయుధాల చట్ట సవరణ ఒక్కొక్కరి దగ్గర ఉండదగ్గ తుపాకుల సంఖ్యను 3 నుంచి 2కి తగ్గించడంతో మూడోదాన్ని ఏడాదిలోగా వదులుకోవాల్సి వచ్చింది. అలా కొన్ని దుకాణాలకు చేరాయి. ఇక లైసెన్సుదారు చనిపోయాక భద్రపరచమని వారసులు దుకాణంలో డిపాజిట్ చేసినవి ఎప్పుడూ ఉండేవే. కాబట్టి అల్మరాలో కనిపించే తుపాకీ దుకాణదారు సొంత సరుకు కావచ్చు, డిపాజిట్‌లో ఉన్న పరాయి సొత్తూ కావచ్చు. ఈ రెంటికీ తేడా అడగకముందే చెప్పేవాడు మంచి డీలరు. డిపాజిట్ తుపాకీ అయితే అసలు లైసెన్సు జిరాక్సు, డిపాజిట్ రసీదు, వారసులందరి సమ్మతి, అమ్మకానికి లైసెన్సింగ్ అధికారి అనుమతి ఉన్నాయా అని చూడాలి. అన్నదమ్ముల్లో ఒక్కడే సంతకం పెట్టిన తుపాకీని చవగ్గా కొంటే, రెండోవాడు దరఖాస్తు పెట్టిన రోజున అది మళ్లీ డిపాజిట్‌లోకే వెళ్తుంది, మీ డబ్బుతో సహా.

నంబరు విషయంలో మొహమాటం పనికిరాదు. బ్యారెల్ (గొట్టం) మీద, యాక్షన్ (గొట్టాల వెనుక ట్రిగ్గరు యంత్రం ఉండే ఇనుప భాగం) మీద ఉన్న అంకెలు దుకాణం రిజిస్టరులోని ఎంట్రీతో పోల్చుకోవాలి. గుర్తింపు నంబరు చెరపడం, మార్చడం 1959 ఆయుధాల చట్టం కింద నేరం. ఆకురాయి గీతలు కనిపించినా, కొత్తగా నల్లరంగు పట్టించిన చోట అంకెలు పలచబడి ఉన్నా అక్కడితో బేరం ముగించాలి. దీనికి "పాతది కదా సార్, అరిగిపోయింది" అనే సమాధానం వస్తే ఆ దుకాణానికి మార్కులు వేసే పని కూడా ముగిసినట్టే.

ఇప్పుడు అసలు పరీక్ష. 12 బోర్ (బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు కొలత) డబుల్ బ్యారెల్ కొనేవాడు దుకాణదారును మొదట అడగాల్సింది ఆయిల్ తుడవమని. గొట్టం లోపల చిక్కగా ఆయిల్ పోస్తే తుప్పు తిన్న గుంటలు అద్దంలా మెరుస్తాయి. పొడి గుడ్డ ఒకటి రెండుసార్లు దూర్చి తీశాక వెలుతురు వైపు పట్టి చూడాలి. చాంబర్ దాటగానే గొట్టం సన్నబడే భాగంలోనూ, మూతికి దగ్గరలోనూ గుంటలు ఎక్కువగా పడతాయి. చూపు నిలిపి గొట్టాన్ని మెల్లగా తిప్పుతుంటే లోపలి వెలుగు వలయాలు గుండ్రంగా ఉండాలి. ఒకచోట వలయం వంకర పోతే బయట సొట్ట ఉన్నట్టు, నల్లని ఉంగరంలా కనిపిస్తే అక్కడ గొట్టం ఉబ్బినట్టు. సొట్టను మంచి పనివాడు లోపలి నుంచి లేపగలడు. ఉబ్బిన గొట్టం మాత్రం వదిలేయండి.

తర్వాత ఫోరెండ్, అంటే గొట్టాల కింద ఎడమచేత్తో పట్టుకునే చెక్క, విప్పమనాలి. ఇక్కడే చాలా దుకాణాల మర్యాద బయటపడుతుంది. ఫోరెండ్ బిగించి ఉన్నంతసేపు దాని స్ప్రింగు ఒత్తిడి వల్ల అరిగిన తుపాకీ కూడా గట్టిగానే అనిపిస్తుంది. అది తీసేసి, తుపాకీ మూసి, మడమ (భుజానికి ఆనే చెక్క) దగ్గర పట్టుకుని పక్కలకు, పైకీ కిందికీ ఊపితే కీలు పిన్ను అరిగిందో లేదో చేతికి తెలిసిపోతుంది. దీపం ముందు పెట్టి గొట్టాల వెనుక అంచుకూ యాక్షన్ ముఖానికీ మధ్య వెలుగు వస్తోందేమో కూడా చూడండి. తుపాకీ తెరిచే పై లివర్ ఎక్కడ ఆగుతోందన్నది మరో గుర్తు. కొత్త తుపాకీలో అది నడిమికి కాస్త కుడివైపే ఉంటుంది. వాడగా వాడగా మధ్యకు వస్తుంది. మధ్య దాటి ఎడమకు పోయిందంటే మరమ్మతు ఖర్చు ధరలోంచి తగ్గించాల్సిందే. గొట్టాలను విడిగా వేలికి తగిలించి వేలాడదీసి చెక్కతో మెల్లగా తడితే గంటలా మోగాలి. బొంగురుగా జిర్రుమంటే రెండు గొట్టాల మధ్య పట్టీ అతుకు వదిలింది, లోపల చెమ్మ చేరింది.

టేపుతో కొలవడం చాలామంది మరిచిపోతారు. బ్రీచ్ అంచు నుంచి మూతి దాకా 20 అంగుళాలకు తగ్గిన నున్నటి గొట్టం తుపాకీ నిషేధిత వర్గంలోకి పోతుంది. గొట్టం కోయడమే నేరం. 20 దాటి ఉన్నా కోసినదేమో అని అనుమానం వస్తే మూతి చూడండి. మామూలుగా రెండు గొట్టాల చివరలు దాదాపు ఒకదానికొకటి తాకుతాయి. మధ్యలో సందు ఉండి దాన్ని సీసంతో పూడ్చి ఉంటే ఎవరో పైన కోశారు. కోతతో చోక్ (మూతి దగ్గర గొట్టం కాస్త సన్నబడే భాగం) కూడా పోతుంది, ఛర్రాలు (తూటాలోని చిన్న గుళ్లు) చెల్లాచెదురవుతాయి.

చాంబర్ పొడవు ప్రాణానికి సంబంధించినది. పాత ఇంగ్లిష్ తుపాకుల్లో చాలావాటికి రెండున్నర అంగుళాల చాంబర్. పెట్టె మీద 70 మి.మీ. అని ఉండే తూటా అందులో సులువుగానే దూరుతుంది, ఎందుకంటే మడత పెట్టిన మూతితో దాని పొడవు తక్కువ. కాల్చినప్పుడు ఆ మడత విచ్చుకుని ముందున్న సన్నని భాగంలోకి పొడుచుకొస్తుంది, ఒత్తిడి అమాంతం పెరుగుతుంది. "తూటా పట్టింది కదండీ" అనే దుకాణదారు మాట దీనికి జవాబు కాదు. గొట్టాల అడుగున, యాక్షన్ మీద కూర్చునే చదును భాగంలో ప్రూఫ్ గుర్తులు, అంటే కాల్చి పరీక్షించినట్టు వేసిన ముద్రలు, చూపించమనాలి. అక్కడే బోర్ సైజు, చాంబర్ పొడవు ముద్రించి ఉంటాయి. గొట్టం మీద అలలు అలలుగా చారలుండే డమాస్కస్ తుపాకులు పాత జమీందారీ ఇళ్ల నుంచి అప్పుడప్పుడూ వస్తాయి. చూడ్డానికి ముచ్చటే. వాటిలో ఎక్కువ భాగం పాతకాలపు నల్ల తుపాకిమందు కోసం చేసినవి. నేటి తూటాలకు ప్రూఫ్ అయిన ముద్ర లేకుంటే గోడకు తగిలించుకోవడానికే, దానికీ లైసెన్సు కావాలి.

చివరగా డమ్మీ తూటాలు, అంటే మందు లేని ఉత్త తూటాలు. ఖాళీ చాంబర్ మీద ట్రిగ్గర్ లాగనివ్వననడం న్యాయమే, సూదులు విరుగుతాయి. అయితే డమ్మీ తూటాలు సొంతంగా ఉంచుకోని దుకాణం పాత తుపాకులు అమ్మడానికి సిద్ధంగా లేనట్టే. సేఫ్టీ వేసి ట్రిగ్గర్ లాగి వదిలి, ఆ తర్వాత సేఫ్టీ తీసినప్పుడు లోపలి హామర్ (తూటాను కొట్టే సుత్తి) పడకూడదు. కాక్ చేసి, అంటే హామర్ బిగించి, మడమ అడుగున అరచేత్తో చరిచినప్పుడూ అది పడకూడదు.

.32 రివాల్వరుకు పరీక్ష చిన్నదే, ఫలితం మాత్రం స్పష్టం. హామరును బొటనవేలితో మెల్లగా వెనక్కి లాగుతూ రెండో చేతివేలితో సిలిండరును కాస్త ఆపుతూ ఉండండి. హామర్ పూర్తిగా వెనక్కి చేరేసరికి సిలిండర్ తాళం పడాలి. ఆరు చాంబర్లకూ విడివిడిగా చూడాలి. ఒక్కటి తప్పినా టైమింగ్ పోయినట్టే, ఆ గుండు గొట్టం అంచును గీరుకుంటూ పోతుంది. హామర్ కాక్ అయ్యాక వెనుక నుంచి బొటనవేలితో నెడితే జారకూడదు. సిలిండరును ముందుకూ వెనక్కూ కదిపి చూసి, గొట్టానికీ సిలిండరుకూ మధ్య సందు కాగితం మందాన్ని మించి బాగా ఎక్కువైతే ధర తగ్గించమనండి. 2014లో కాన్పూర్‌లోని ప్రభుత్వ ఆర్డ్నెన్స్ (ఆయుధ) ఫ్యాక్టరీ నుంచి నిర్భీక్ రివాల్వర్ వచ్చినప్పుడే దాని ధర లక్షా ఇరవై వేలు దాటింది. కాబట్టి పాత ఆర్డ్నెన్స్ రివాల్వర్లకు గిరాకీ తగ్గదు, దుకాణదారు కూడా బేరానికి దిగడు. అక్కడ మీకు దొరికే ఒకే పట్టు లోపాల జాబితా.

.315 రైఫిల్‌కు బోల్టు (తూటా వెనుక మూసే కడ్డీ) నంబరు, రైఫిల్ నంబరు ఒకటేనా చూడండి. సైన్యం వాడిన తూటా కాబట్టి .303 నిషేధిత బోర్. పౌరుల కోసం ఆర్డ్నెన్స్ ఫ్యాక్టరీ ఇచ్చిన ప్రత్యామ్నాయం .315. వేరే రైఫిల్ బోల్టు తెచ్చి పెట్టి ఉంటే తూటాకు వెనుక ఆసరా కొలత తప్పవచ్చు.

కోస్తా దుకాణాలకు ఒక ప్రత్యేక ప్రశ్న: తోలు తొడుగులో ఉంచారా, విడిగానా? ఉప్పుగాలికి తోలు చెమ్మను పీల్చి పట్టుకుంటుంది. విశాఖలోనో మచిలీపట్నంలోనో రెండు వర్షాకాలాలు తొడుగులో పడుకున్న తుపాకీ పైకి నిగనిగలాడుతూనే కింద గుంటలు పడి ఉంటుంది. డిపాజిట్ రుసుము వసూలు చేస్తూ ఆయిల్ గుడ్డ కూడా తిప్పని దుకాణాలు తక్కువేమీ లేవు.

ఇక దుకాణాల తరగతులు. పెద్ద నగరాల్లో తరతరాలుగా నడుస్తున్నవాటిలో సరుకు ఎక్కువ, పరిచయాలు ఎక్కువ, ఓపిక తక్కువ. ఫోరెండ్ విప్పమంటే మొహం మాడ్చుకుంటారు గానీ కాగితాలు మాత్రం పక్కాగా ఉంటాయి. పదికి ఏడు. జిల్లా కేంద్రాల చిన్న దుకాణాల్లో తుపాకులు నాలుగైదే ఉంటాయి, గంటసేపు చూడనిస్తారు, ఆ తుపాకీ ఏ ఊరిదో ఎవరిదో చెప్తారు. రిజిస్టరు, బిల్లు దగ్గరే కాస్త తడబాటు. ఆరు. మరమ్మతు చేసిస్తామని రెండు చోట్లా అంటారు. చట్టంలో అమ్మడం, మరమ్మతు చేయడం, పరీక్షించడం వేర్వేరు పనులు, డీలరు లైసెన్సులో అవి ఉండాలి. గోడకు తగిలించిన లైసెన్సు చదవడానికి రెండు నిమిషాలు చాలు. మరమ్మతుకు లైసెన్సు లేని చోట "మా మేస్త్రీ దగ్గర చేయిస్తాం" అంటే ఆ మేస్త్రీ ఎవరో, తుపాకీ ఏ కాగితం మీద అక్కడికి వెళ్తుందో అడగండి.

దుకాణం లేకుండా లైసెన్సుదారు నుంచి నేరుగా కొనడానికీ చట్టం ఒప్పుకుంటుంది. అమ్మేవాడు జిల్లా మేజిస్ట్రేటుకు గానీ దగ్గరి పోలీసు స్టేషనుకు గానీ రాతపూర్వకంగా తెలియజేసి, కనీసం 45 రోజులు ఆగాలి. ఆ దరఖాస్తు అందినట్టు ముద్ర పడిన కాపీ చూడకుండా డబ్బివ్వకండి. జిల్లా మారితే నిరభ్యంతర పత్రం పని అదనం. ఈ పేచీ అంతా కమీషను తీసుకుని తన నెత్తిన వేసుకునే డీలరు ఉంటే ఆ కమీషను దండగ కాదు. వాట్సాప్‌లో ఫొటో పెట్టి, కొరియర్ చేస్తామని, ముందు టోకెన్ పంపమని అడిగేవాడు మోసగాడైనా అవుతాడు, నాటు తుపాకీ అమ్మేవాడైనా అవుతాడు. సున్నా.

ఎన్నికల కోడ్ నడుస్తున్నప్పుడు కొనుగోలుకు వెళ్లడం వృథా. జిల్లా అంతా తుపాకులు డిపాజిట్ చేయడానికి దుకాణాల ముందు, స్టేషన్ల ముందు బారులు తీరి ఉంటుంది. మీ తుపాకీని చూపించే తీరిక ఎవరికీ ఉండదు, కార్యాలయాల్లో దరఖాస్తులూ కదలవు.

డబ్బు కట్టిన రోజున బిల్లు, మీ లైసెన్సులో ఆయుధం వివరాల ఎంట్రీ, దాని మీద డీలరు సంతకం, ముద్ర అక్కడే తీసుకోవాలి. తర్వాత తుపాకీని లైసెన్సింగ్ అధికారి దగ్గరో స్టేషనులోనో చూపించి నమోదు చేయించాలి. అదెలాగో, ఎన్నాళ్లలోనో రాసిచ్చే దుకాణానికి ఒక మార్కు అదనం. బయటికి వచ్చేముందు బిల్లు మీది నంబరును తుపాకీ మీది నంబరుతో అంకె అంకెగా చదవండి, ఒకరు చదివితే ఇంకొకరు వేలు పెట్టి చూడాలి. పాత ముద్రల్లో 3కూ 8కీ, 1కీ 7కూ తేడా కనిపించదు. ఆ తప్పు దుకాణంలో దిద్దితే రెండు నిమిషాల పని. కార్యాలయంలో బయటపడితే డీలరు మళ్లీ లేఖ ఇవ్వాలి, తుపాకీ అంతవరకు డిపాజిట్‌లో ఉండాలి, దానికి రుసుము మీరే కట్టాలి.