దగ్గు తగ్గింది, పన్ను విరిగింది

నికోటిన్ కలిపిన ద్రవాన్ని వేడిచేసి ఆవిరిగా పీల్చే ఈ-సిగరెట్‌ను రోజూ వాడేవారు ఊపిరితిత్తుల గురించీ గుండె గురించీ చెప్పుకున్నంతగా నోటి గురించి చెప్పుకోరు. ఏళ్ల తరబడి వాడాక నాకు మిగిలిన ఫిర్యాదంతా నోటికి సంబంధించినదే కాబట్టి, బ్యాటరీలు, రుచుల సంగతి వదిలి నేరుగా అక్కడికే వస్తాను.

మేలు జరగలేదని అనను. సిగరెట్ నుంచి దీనికి మారిన తొలి నెలల్లోనే ఉదయం పూట కఫంతో వచ్చే దగ్గు తగ్గింది, మెట్లెక్కితే వచ్చే ఆయాసం తగ్గింది, వాసనలు మళ్ళీ తెలియసాగాయి. అయితే ఆ ఘనత పొగాకును కాల్చి పీల్చడం మానినందుకు దక్కాలి గానీ ఈ ఆవిరికి కాదు. ఏ దారిలో మానినా తారు, కార్బన్ మోనాక్సైడ్ ఒంట్లోకి పోవడం ఆగుతుంది.

నోరు ఎండిపోవడం మాత్రం మొదట్లోనే మొదలై, నేటికీ పూర్తిగా పోలేదు. ఈ ద్రవంలో ఎక్కువ భాగం ప్రొపైలీన్ గ్లైకాల్, గ్లిజరిన్; రెండూ తేమను పీల్చుకునే గుణమున్నవే. రాత్రి నాలుక అంగిలికి అతుక్కుపోయి మెలకువ వచ్చేది, మంచం పక్కన నీళ్ల సీసా లేకుండా పడుకోలేకపోయేవాడిని. ఇది చిన్న ఇబ్బందే అనిపించింది, ఒక రాత్రి భోజనంలో మెత్తటి ముద్ద నములుతుండగా కింది దవడలోని ఒక పన్ను చిగురు అంచు దగ్గర పెళుక్కున విరిగేంతవరకు. అంతకుముందు ఆ పన్ను ఒక్కసారీ నొప్పి పెట్టలేదు.

దంతవైద్యురాలు అద్దం పెట్టి చూసి, పక్క పళ్లు కూడా సరిగ్గా చిగురు అంచునే మెత్తబడ్డాయని చూపించారు. “నోరు ఎండుతుంటుందా? సిగరెట్ తాగుతారా?” అని అడిగారు. మానేశానని కాస్త గర్వంగానే చెప్పాను. “దాని బదులు ఇంకేమైనా పీలుస్తున్నారా?” అన్నది ఆమె తరువాతి ప్రశ్న. నోట్లో పుట్టే ఆమ్లాన్ని విరిచేదీ, పంటిపై పొరకు కాల్షియం, ఫాస్ఫేట్ తిరిగి అందించేదీ లాలాజలమేననీ, అది తగ్గితే ఎంత తోమినా చాలదనీ వివరించారు. నికోటిన్ చిగుళ్లలోని రక్తనాళాలను బిగిస్తుంది కనుక, చిగుళ్లు దెబ్బతిన్నా రక్తం కారడం తక్కువగా కనిపిస్తుందట; నా చిగుళ్లు గట్టివన్న నా నమ్మకం అక్కడితో సడలింది. చివరకు రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు, ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే పేస్టు రాసిచ్చారు.

నా అసలు కోపం ఈ పరికరానికి ముగింపు లేకపోవడం మీద. సిగరెట్ కాలి అయిపోతుంది, తరువాతిది వెలిగించేదాకా నోటికి కొంత విరామం దొరుకుతుంది. ఇది చేతికందినంతసేపూ, పని మధ్యలోనూ, పడుకునే ముందూ ఒక్కొక్క దమ్ముగా సాగుతూనే ఉంటుంది. నికోటిన్ మోతాదు తగ్గించి, రాత్రి పళ్లు తోముకున్నాక పరికరాన్ని వేరే గదిలో పెట్టడం అలవాటు చేసుకున్నాక నిద్రలో దాహం బాగా తగ్గింది. పగటి పొడి సగమే తగ్గింది.

పన్ను విరగడానికి కారణం ఇదొక్కటేనని నేను తేల్చలేను. ఎలర్జీకి వాడే మాత్రలు కూడా నా నోటిని ఎండబెడతాయి, అంతకుముందు ఏళ్ల తరబడి కాల్చిన సిగరెట్లు ఉండనే ఉన్నాయి. బ్రిటన్‌లో జరిగి 2019లో వెలువడిన ఒక పరిశోధనలో, ఏడాది తరువాత ఈ-సిగరెట్ వర్గంలో 18 శాతం, ప్యాచ్ వంటి నికోటిన్ ప్రత్యామ్నాయాలు వాడిన వర్గంలో 9.9 శాతం సిగరెట్‌కు దూరంగా ఉన్నారు. కానీ ఈ-సిగరెట్‌తో అలా మానగలిగిన వారిలో 80 శాతం అప్పటికీ దాన్ని వాడుతూనే ఉన్నారు. నేనూ ఆ 80 శాతం కోవలోనివాడినే. సిగరెట్ వదలలేక సతమతమయ్యేవారు దీన్ని మజిలీగా వాడుకోవచ్చేమో గానీ, ముందే పళ్లను ఒకసారి చూపించుకోవడం మంచిది. పొగ అలవాటే లేనివారికి మాత్రం నేను దీన్ని సూచించను.